కొవ్వు కరిగించడమా.. కండ పెంచడమా?

బక్కపలుచని కుర్రాళ్లను వేధిస్తున్న సందేహం
కడుపు మాడ్చుకుంటే ముందు తరిగేది కండే

విజయనగరం: చేతులు పుల్లల్లా ఉంటాయి. చొక్కా విప్పితే పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. అయినా పొట్ట మాత్రం కాస్త ముందుకు వచ్చినట్లు కనిపిస్తుంది. పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల లోపు కుర్రాళ్లలో ఎందరినో కుంగదీస్తున్న రూపమిది. ముందు ఈ పొట్ట కరిగించుకుని ఆ తర్వాత కండ పెంచాలా, లేక ముందు కండ పెంచి ఆనక కొవ్వు సంగతి చూడాలా అన్నది వారిని వదలని ప్రశ్న. జిమ్‌లో ఒకరు ఒక మాట చెబితే, సెల్‌ఫోన్‌లో చూసిన వీడియో మరో మాట చెబుతుంది. చివరకు చాలామంది తేలికగా తోచిన దారి పడుతున్నారు. రాత్రి అన్నం మానేస్తారు. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో మైళ్లకొద్దీ పరుగెత్తుతారు. నెల తిరిగేసరికి బరువు రెండు, మూడు కిలోలు తగ్గుతుంది. పొట్ట దాదాపు అలాగే ఉంటుంది. చేతులు మాత్రం మరింత సన్నబడతాయి.

ఎదిగే వయసులో సన్నగా ఉన్నవారికి ముందు కావలసింది కండే. తగినంత తిని, బరువుతో కూడిన వ్యాయామం చేసి, కంటినిండా నిద్రపోతే కండ పెరుగుతుంది. పొట్ట దగ్గరి కొద్దిపాటి కొవ్వు ఆ క్రమంలోనే సర్దుకుంటుంది. నిజంగా అధిక బరువు ఉన్నవారి దారి కొంత వేరు. ఎవరు ఏ కోవకు చెందుతారో తెలుసుకోవడానికి ఇంట్లో ఉండే కొలత టేపు ఒక్కటి చాలు.

ఎంపికల్లో పోతున్నది ఇక్కడే
ఉత్తరాంధ్ర పల్లెల్లో ఈ సందేహం అందం కోసం మాత్రమే పుట్టింది కాదు. సైన్యం, పోలీసు ఉద్యోగాలపై ఆశ పెట్టుకున్న కుటుంబాలకు ఇది బతుకుతెరువు విషయం. రాష్ట్రంలో 2022లో వెలువడిన పోలీసు కానిస్టేబుల్ నియామక ప్రకటన ప్రకారం పురుష అభ్యర్థి ఎత్తు 167.6 సెంటీమీటర్లకు తగ్గరాదు. గాలి పూర్తిగా పీల్చినప్పుడు ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండాలి. పీల్చక ముందుకూ, పీల్చిన తర్వాతకూ కనీసం 5 సెంటీమీటర్ల తేడా రావాలి. దీనికితోడు 1600 మీటర్ల పరుగు ఉంటుంది.

ఎత్తు ఎవరి చేతిలోనూ ఉండదు. ఛాతీ కొలత మాత్రం రొమ్ము, వీపు కండరాలపైనా, ఊపిరి పీల్చే అలవాటుపైనా చాలావరకు ఆధారపడుతుంది. కొలతకు అర సెంటీమీటరు తక్కువైనా అభ్యర్థి ఇంటిముఖం పట్టవలసిందే. పదిహేడేళ్ల వయసులో పొట్ట తగ్గాలని కడుపు మాడ్చుకున్న కుర్రాడు, పద్దెనిమిది నిండాక జరిగే ఎంపికలో తనకు అవసరమయ్యే ఛాతీ కండను ముందే పోగొట్టుకుంటున్నాడన్న మాట. పరుగులోనూ అంతే. తిండి లేని కాళ్లు మొదటి చుట్టు ఉత్సాహంగా తిరిగినా చివరి చుట్టులో మొరాయిస్తాయి.

సన్నగా ఉన్నా పొట్ట ఎందుకు?
భారతీయుల శరీర నిర్మాణంలోనే దీనికి కొంత కారణం ఉంది. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్ ఇద్దరూ తమ శరీరాలనే కొలుచుకుని 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఆ వివరాలు వెల్లడించారు. ఎత్తుకు బరువు నిష్పత్తిని తెలిపే బీఎంఐ ఇద్దరికీ సరిసమానంగా 22.3 వచ్చింది. శరీరంలో కొవ్వు మాత్రం బ్రిటన్ శాస్త్రవేత్తకు 9.1 శాతం, భారతీయ వైద్యునికి 21.2 శాతం ఉన్నట్లు తేలింది. తూకంలో తేడా లేకున్నా లోపలి సరుకులో రెట్టింపునకు పైగా తేడా ఉందని ఆ ఒక్క పోలిక చాటిచెప్పింది. సన్నగా కనిపిస్తూనే కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉండే ఈ తీరు మన దేశంలో పుట్టిన పసికందుల్లోనూ కనిపిస్తుందని పుణె పరిసర గ్రామాల్లో జరిపిన అధ్యయనాలు తెలిపాయి.

పొట్ట ముందుకు రావడానికి కొవ్వు ఒక్కటే కారణం కాదు. పొట్ట, నడుము కండరాలు బలహీనంగా ఉండి, వంగి కూర్చునే అలవాటు తోడైతే సన్నని కుర్రాడి పొట్ట కూడా జారినట్లు కనిపిస్తుంది. ఇటువంటి పొట్టను తిండి తగ్గించి లోపలికి పంపడం సాధ్యం కాదు. ఆ కండరాలకు పని చెప్పి బలపరచడమే మార్గం.

టేపు చెప్పే నిజం
నిటారుగా నిలబడి, ఊపిరి మామూలుగా వదిలి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ టేపు చుట్టి కొలవాలి. నడుము కొలత ఎత్తులో సగానికి తక్కువగా ఉంటే పొట్ట కొవ్వు గురించి బెంగపడనక్కరలేదు. సగం దాటితే శ్రద్ధ పెట్టాలి. బీఎంఐ చూసేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. పెద్దలకు వాడే 23, 25 వంటి గీతలు పిల్లలకు పనికిరావు. పద్దెనిమిదేళ్ల లోపు వారికి వయసును బట్టి మారే చార్టులు ఉన్నాయి. భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో 5 నుంచి 18 ఏళ్ల వారి కోసం సవరించిన చార్టులు పిల్లల వైద్యుల వద్ద లభిస్తాయి.

పదిహేడేళ్ల వయసు గల ముగ్గురిని ఉదాహరణగా తీసుకుందాం. మొదటివాడి ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు, నడుము 74 సెంటీమీటర్లు. నడుము ఎత్తులో సగానికి, అంటే 85కు, చాలా దిగువన ఉంది. ఇతనికి తగ్గించుకోవలసిన కొవ్వే లేదు. తిండి పెంచాలి, కండ పెంచాలి.

రెండోవాడి ఎత్తు 168, బరువు 61, నడుము 86. బరువు మామూలుగానే ఉంది కానీ నడుము సగం గీతను దాటింది. కాళ్లూ చేతులూ సన్నం, పొట్ట మాత్రం ముందుకు ఉంటుంది. అయోమయంలో పడేది ఎక్కువగా ఇటువంటివారే. వీరు తిండి మొత్తాన్ని తగ్గించకుండా అందులోని సరుకును మార్చాలి. సీసాల్లోని శీతల పానీయాలు, బేకరీ తినుబండారాలు, నూనెలో వేగిన చిరుతిళ్లు తగ్గించి ఆ స్థానంలో పప్పు, గుడ్డు, పాలు పెంచాలి. వ్యాయామానికి కొత్త కావడం వీరికి కలిసివచ్చే అంశం. కొత్తగా మొదలుపెట్టినవారిలో కండ పెరగడం, కొవ్వు కొంత తగ్గడం రెండూ ఏకకాలంలో జరుగుతాయి. బరువు మారకుండానే నడుము తగ్గి, భుజాలు నిండుతాయి.

మూడోవాడి ఎత్తు 165, బరువు 76, నడుము 92. ఇతనిది నిజంగానే అధిక బరువు. కొవ్వు తగ్గించుకోవడం అవసరమే. అయినా ఉపవాసాలు పనికిరావు. తీపి, వేపుళ్లు తగ్గించి, రోజూ గంటసేపు ఆటపాటల్లో గడుపుతూ, కండ వ్యాయామాన్ని వదలకుండా చేయాలి. ఎత్తు ఇంకా పెరుగుతున్న వారిలో బరువును ఉన్నచోట నిలిపి ఉంచినా చాలు, నిష్పత్తి దానంతటదే మెరుగుపడుతుంది.

కొవ్వు కాని కొవ్వు
యుక్తవయసు అబ్బాయిల్లో రొమ్ము భాగం కొద్దిగా ఉబ్బి, చనుమొనల కింద గట్టిగా చిన్న ముద్దలా తగలడం సర్వసాధారణం. హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల వచ్చే ఈ మార్పును చాలామంది కొవ్వుగా పొరబడతారు. తోటివారి ఎగతాళికి జడిసి చొక్కా విప్పరు, ఈతకు వెళ్లరు, అన్నం మానేస్తారు. ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోతారు. ఎక్కువ మందిలో ఇది ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతట అదే తగ్గిపోతుంది. అంతకుమించి కొనసాగినా, నొప్పి ఎక్కువగా ఉన్నా, వేగంగా పెరుగుతున్నా వైద్యునికి చూపించాలి. ఉపవాసంతో దీనికి సంబంధం లేదు.

తిండి తగ్గిస్తే ఏం జరుగుతుంది?
అబ్బాయిల్లో సాధారణంగా పదమూడు, పద్నాలుగేళ్ల ప్రాంతంలో ఎత్తు వేగంగా పెరుగుతుంది. కండ నిండేది ఆ తర్వాతే. అందుకే తాటిచెట్టులా ఎదిగిన కుర్రాడు ఏడాది, రెండేళ్ల పాటు బక్కపలుచగా కనిపించడం ప్రకృతి సహజం. ఎముక, కండ, రక్తం అన్నీ ఏకకాలంలో నిర్మాణమవుతున్న ఈ దశలో తిండి తగ్గిస్తే ఇల్లు కట్టే వేళ ఇటుకల బండిని వెనక్కి పంపినట్లే. శక్తి చాలనప్పుడు శరీరం కొవ్వుతో పాటు కండలోని మాంసకృత్తులనూ కరిగించి వాడుకుంటుంది. కొవ్వు నిల్వ తక్కువగా ఉన్నవారిలో, వ్యాయామం లేనివారిలో కండ వాటా మరింత ఎక్కువగా పోతుంది.

ఎదిగే దశలో అందే తిండి ప్రభావం ఎంతకాలం నిలుస్తుందో హైదరాబాద్ శివారు గ్రామాల్లో జరిగిన ఒక అధ్యయనం తెలిపింది. 1987 నుంచి 1990 వరకు 15 గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం అందించారు. 14 గ్రామాల్లో అప్పటికి ఆ పథకం లేదు. పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు చేరాక 2003-05 మధ్య పరిశీలించగా, ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువగా ఉన్నారు. ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల స్థితి కూడా వారిలో మెరుగ్గా ఉన్నాయి.

కండ పెరిగే తీరు
బరువు ఎత్తినప్పుడు కండరపు పోగులపై ఒత్తిడి పడుతుంది. ఆ తర్వాతి ఒకటి, రెండు రోజుల్లో శరీరం తిండి నుంచి తీసుకున్న మాంసకృత్తులతో ఆ పోగులను మునుపటికన్నా కాస్త దళసరిగా తీర్చుకుంటుంది. పని, తిండి, విశ్రాంతి ఈ మూడింటిలో ఏది లోపించినా కండ పెరగదు. పిల్లలు, యుక్తవయస్కులు రోజుకు సగటున గంట సేపు శరీర శ్రమ చేయాలని, అందులో వారానికి కనీసం మూడు రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

దీనికి జిమ్ తప్పనిసరి కాదు. మన తాలింఖానాల్లో తరతరాలుగా ఉన్న దండీలు, బస్కీలతోనే ఆరంభించవచ్చు. గట్టి కొమ్మకో, ఇనుప కమ్మీకో వేలాడి శరీరాన్ని పైకి లాగడం, ఇసుక సంచి ఎత్తడం కూడా మంచివే. ఒక్కో వ్యాయామాన్ని ఎనిమిది నుంచి పన్నెండు సార్ల చొప్పున రెండు, మూడు విడతలు చేయాలి. పన్నెండు సార్లు సునాయాసంగా వస్తుంటే మరుసటి వారం కొద్దిగా బరువు పెంచాలి. ఒకే కండరానికి వరుసగా రెండు రోజులు పని చెప్పకూడదు. బరువులు ఎత్తితే ఎత్తు ఆగిపోతుందన్న భయానికి ఆధారం లేదు. సరైన పద్ధతిలో, పెద్దల పర్యవేక్షణలో చేసే బరువుల వ్యాయామం ఎముకలకు మేలే చేస్తుంది. మోయలేని బరువును పంతానికి ఎత్తడమే ప్రమాదకరం.

మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో బలం పెరుగుతుంది కానీ కంటికి పెద్దగా తేడా కనిపించదు. నరాలు, కండరాలు కలిసి పనిచేయడం నేర్చుకునే కాలమది. చాలామంది నిరాశపడి మానేసేదీ, అడ్డదారులు వెతికేదీ ఈ దశలోనే. మూడు, నాలుగు నెలలు ఓపిక పడితే అద్దమే సమాధానం చెబుతుంది.

పరుగు మానవలసిన పని లేదు. వారంలో రెండు, మూడు రోజులు పరుగు, మిగిలిన మూడు రోజులు కండ వ్యాయామం అన్నట్లు పంచుకుంటే రెండూ సాగుతాయి. పరుగుకు ముందు ఒక అరటిపండో, రెండు ఖర్జూరాలో తింటే నీరసం రాదు.

కొండవెలగాడ నేర్పే పాఠం
నెల్లిమర్ల మండలం కొండవెలగాడ ఎందరో వెయిట్‌లిఫ్టర్లను తీర్చిదిద్దిన ఊరు. ఆ ఊరి బిడ్డ మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో తొలుత కాంస్యం సాధించారు. బంగారు పతకం గెలిచిన 16 ఏళ్ల నైజీరియా బాలిక నిషేధిత మందులు వాడినట్లు పరీక్షలో తేలడంతో ఆ పతకాన్ని వెనక్కి తీసుకున్నారు. సంతోషికి రజతం దక్కింది. ఆ బాలిక నమూనాలో బయటపడినవి ఒంట్లో నీటిని మూత్రం రూపంలో బయటకు పంపే మందులు. అటువంటి మందులతో తూకం తగ్గుతుంది, కొవ్వు మాత్రం తగ్గదు. రెండు రోజుల్లో మూడు కిలోలు తగ్గించామని చెప్పే ఏ చిట్కా వెనుకనైనా ఉండేది చాలావరకు ఈ నీటి లెక్కే. శరీరంలో ఒక కిలో కొవ్వు సుమారు 7,700 కేలరీల నిల్వ. అది ఒకటి, రెండు రోజుల్లో కరిగేది కాదు.

ఇంటి తిండి లెక్క
హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సుల ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల అబ్బాయికి రోజుకు సుమారు 3,300 కేలరీలు, 55 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గట్టిగా వ్యాయామం చేసేవారికి కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయి. అంటే 50 కిలోల కుర్రాడికి 60 నుంచి 80 గ్రాములు.

వంటింటి సరుకుతోనే ఇది సాధ్యం. రోజుకు 350 గ్రాముల బియ్యం అన్నంలో సుమారు 25 గ్రాములు, 60 గ్రాముల కందిపప్పు లేదా పెసరపప్పులో 13, రెండు గుడ్లలో 12, ఒకటిన్నర గ్లాసు పాలు లేదా అంతే పెరుగులో 10, గుప్పెడు వేరుశనగ గింజల్లో 7 గ్రాములు లభిస్తాయి. మొత్తం 67 గ్రాములు. చేపలో, కోడికూరలో ప్రతి వంద గ్రాములకు 20 గ్రాముల దాకా ఉంటాయి. శాకాహారులు గుడ్ల స్థానంలో ఉలవలు, సెనగలు, సోయా చిక్కుడు గింజలు తీసుకోవచ్చు. ఉత్తరాంధ్ర ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న చోడి అంబలిని చిన్నచూపు చూడనక్కరలేదు. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. ఎముక గట్టిపడే వయసులో అది వరప్రసాదమే.

చిక్కు ఏమిటంటే, చాలా ఇళ్లలో కంచం నిండా అన్నం ఉంటుంది, పక్కన పలుచని చారు మాత్రమే ఉంటుంది. అన్నం మానడంకన్నా ఆ చారు స్థానంలో ముద్దపప్పు, ఒక గుడ్డు చేర్చడమే అసలైన మార్పు. ఒక్కపూట మితిమీరి తినేకన్నా మూడు పూటలా పప్పో, గుడ్డో, పెరుగో ఉండేలా చూసుకోవాలి. బరువు నెలకు ఒకటి, ఒకటిన్నర కిలోల చొప్పున పెరిగితే చాలు. అంతకు మించి పెరిగితే అందులో కొవ్వు వాటా ఎక్కువ. బరువుతో పాటు నడుమును కూడా నెలకోసారి కొలిచి రాసుకుంటే దారి తప్పుతున్నామో లేదో తెలుస్తుంది.

నిద్రను చాలామంది లెక్కలోకి తీసుకోరు. యుక్తవయస్కులకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం. ఎదుగుదల హార్మోను అధికంగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. అర్ధరాత్రి దాకా సెల్‌ఫోన్ చూసి, నాలుగు గంటలకే మైదానానికి వెళ్లేవారు తిన్నదాని ఫలితాన్ని సగం పోగొట్టుకుంటారు.

డబ్బాలు, సూదులతో జాగ్రత్త
కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పౌడర్లు వాడవద్దని, ఆహారం నుంచే మాంసకృత్తులు పొందాలని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో పేర్కొంది. ఒక కొలత చెంచా పౌడరులో దొరికే 24 గ్రాముల మాంసకృత్తులు నాలుగు గుడ్లలోనూ దొరుకుతాయి. బరువు పెంచుతాయంటూ అమ్మే పౌడర్లలో అధికభాగం చక్కెర, పిండి పదార్థాలే. వేలకు వేలు పోసి కొన్నది చివరకు పొట్టనే పెంచుతుంది.

వీటికన్నా భయంకరమైనవి బలం సూదులు, బరువు పెంచే మాత్రలు. కొన్ని మాత్రలతో ముఖం, ఒళ్లు ఉబ్బుతాయి. అది నీరు, కొవ్వే తప్ప కండ కాదు. కండ పెంచే స్టెరాయిడ్ సూదులు ఎదుగుతున్న ఎముకల చివరి పొరలను వేళకు ముందే మూసివేస్తాయి. ఆ తర్వాత ఎత్తు పెరగడం అసాధ్యం. వృషణాలు కుంచించుకుపోవడం, రొమ్ములు పెరగడం, కాలేయం దెబ్బతినడం వంటి అనర్థాలూ ఉన్నాయి. వైద్యుని చీటీ లేకుండా వీటిని అమ్మడం చట్టవిరుద్ధం.

వైద్యుని సలహా ఎప్పుడు?
బాగా తింటున్నా బరువు పెరగకపోతే లోపల ఏదో కారణం ఉండవచ్చు. రక్తహీనత, కడుపులో నులిపురుగులు సామాన్యంగా కనిపించేవి. నులిపురుగుల నివారణకు 2015 నుంచి జాతీయ కార్యక్రమం కింద 19 ఏళ్ల లోపు వారికి పాఠశాలలు, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్రలు ఉచితంగా వేస్తున్నారు. వాటిని తప్పించుకోరాదు. బరువు అకారణంగా తగ్గుతూ అతిదాహం, తరచూ మూత్రం వస్తుంటే మధుమేహ పరీక్ష, రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం ఉంటే క్షయ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకోవాలి. అమ్మాయిలకూ ఈ సూత్రాలన్నీ వర్తిస్తాయి. తిండి తగ్గించాక నెలసరి తప్పితే శరీరం హెచ్చరిస్తోందని గ్రహించి వెంటనే వైద్యురాలిని కలవాలి. తిండి అంటే భయం, అద్దం చూసుకుంటే అసహ్యం కలుగుతుంటే అది మనసుకు సంబంధించిన కష్టం. కన్నవారు కోప్పడకుండా చేరదీసి వైద్యుని వద్దకు తీసుకెళ్లాలి.

పదిహేడేళ్ల వయసులో ఎదిగే అవకాశం మళ్లీ రాదు. ఇరవై అయిదేళ్లకు కొవ్వు తగ్గించుకోవచ్చు, ముప్పై ఏళ్లకూ తగ్గించుకోవచ్చు. ఎముక, కండ వేగంగా నిండే కాలం మాత్రం కొద్ది ఏళ్లే. నడుము ఎత్తులో సగం లోపు ఉన్న ప్రతి సన్నని కుర్రాడూ ఈ పూట చేయవలసింది అన్నం ముందు నుంచి లేవకుండా, మరో గరిటె పప్పు వేయించుకుని కడుపునిండా తినడమే.